కీబోర్డు ఉన్న కొత్త స్మార్ట్‌ఫోన్: పది రోజులు వాడాక నా సమాధానం

ముందు మీ ప్రశ్న. పదేళ్లుగా టచ్ ఫోన్ మీదే టైప్ చేస్తున్నారు. రోజంతా మెయిల్స్, మెసేజ్‌లు రాసే ఉద్యోగం. స్క్రీన్ కింద నిజమైన బటన్లతో ఆండ్రాయిడ్ ఫోన్లు మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకటి తీసుకోవాలా అని ఆలోచిస్తున్నారు. వేగం పెరుగుతుందా, తెలుగు రాయడం కుదురుతుందా, ఉన్న ఒక్క ఫోన్‌గా దీన్నే వాడుకోవచ్చా అని అడిగారు.

నేను బ్లాక్‌బెర్రీల కాలం నుంచి కీబోర్డు ఫోన్లు వాడినవాణ్ని. పాస్‌పోర్ట్, తర్వాత కీవన్, ఆ తర్వాత కీ2, ఇవన్నీ బ్లాక్‌బెర్రీ పేరుతో వచ్చిన మోడళ్లు. మధ్యలో కొన్నేళ్లు పూర్తిగా టచ్‌కి మారిపోయాను. ఇప్పుడు కొత్తది ఒకటి తీసుకుని పది రోజులైంది. నలుచదరపు స్క్రీన్, దాని కింద వరుసలుగా కీలు, వెడల్పాటి బాడీ. కంపెనీ పేరు రాయడం లేదు. పది రోజుల వాడకంతో ఒక కంపెనీ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. పైగా ఇక్కడ చెప్పేవి చాలావరకు ఈ తరహా ఫోన్లన్నిటికీ వర్తిస్తాయి.

వేగం కోసమే అయితే తీసుకోకండి. 2019లో ఫోన్ల మీద జనం ఎలా టైప్ చేస్తున్నారో 37,000 మందితో ఒక పెద్ద అధ్యయనం చేశారు. టచ్‌స్క్రీన్ మీద సగటు వేగం నిమిషానికి 36 పదాలు వచ్చింది. రెండు బొటనవేళ్లతో, ఆటోకరెక్ట్ పెట్టుకుని కొట్టేవాళ్లు ఇంకా ముందున్నారు. టచ్ మీద ఆ వేగం ఎందుకొస్తుందంటే, మనం అక్షరం మీద కచ్చితంగా కొట్టనక్కర్లేదు. దాని చుట్టుపక్కల ఎక్కడో తగిలిస్తే చాలు, మిగతాది సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. నిజం కీ అలా కాదు. ప్రతి కీ కింద బొడిపెలా ఉబ్బిన సన్నని లోహపు బిళ్ల ఒకటి ఉంటుంది. మీరు నొక్కినప్పుడు అది లోపలికి కుంగి టక్కుమంటుంది, వేలు తీయగానే మళ్లీ పైకి లేస్తుంది. ఆ టక్కు ప్రతి అక్షరానికీ విడిగా కొట్టాలి. వేలిని గాజు మీద జార్చి మాట పూర్తి చేసే సౌకర్యం ఇక్కడ లేదు. పదేళ్ల టచ్ అలవాటున్న చేతికి ఇది మొదట్లో నెమ్మదిగానే ఉంటుంది. అలవాటయ్యాక పాత వేగం దగ్గరికి వస్తారు. దాన్ని దాటిపోతారని మాత్రం నేను చెప్పను.

మరి ఎందుకు తీసుకోవాలి? నా మట్టుకు అసలు కారణం కళ్లు.

టచ్ మీద టైప్ చేసేటప్పుడు మన చూపు ఎక్కడుంటుందో ఒకసారి గమనించండి. సగం సేపు అక్షరాల మీద, సగం సేపు పైన వస్తున్న మాట మీద. గాజు అంతా ఒకటే నునుపు కాబట్టి వేలికి ఏమీ తెలియదు, చూపే దారి చూపించాలి. నా కొత్త ఫోన్‌లో ప్రతి కీ పైభాగం కాస్త ఏటవాలుగా ఉంది. ఎడమ వైపు కీలు ఒక దిక్కుకి, కుడి వైపువి ఇంకో దిక్కుకి వాలి ఉన్నాయి. వరుసకీ వరుసకీ మధ్య సన్నని పట్టీ ఉంది. మొదటి రోజు ఇవేవీ నా దృష్టికి రాలేదు, అక్షరం కోసం కిందికే చూస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు సాయంత్రం ఒక మెయిల్ రాస్తుంటే, ఎడమ బొటనవేలు పట్టీని దాటి కింది వరుసకి వెళ్లినట్టు చూడకుండానే తెలిసింది. ఏటవాలు అంచు వేలి కొనకి తగలగానే అది ఏ కీయో అర్థమైపోతోంది. ఆరో రోజు వీడియో కాల్‌లో అవతలి మనిషి మాట్లాడుతుంటే ఆయన ముఖంలోకే చూస్తూ మూడు లైన్లు నోట్ చేసుకున్నాను. తర్వాత చదివితే రెండు చోట్లే తప్పు. టచ్ మీద నాకు ఇది ఎన్నడూ సాధ్యం కాలేదు. వేగం పరీక్ష పెడితే ఇందులో ఏదీ కనబడదు.

తప్పుల తీరు కూడా మారిపోతుంది, మనలాంటివాళ్లకి ఇది చాలా ముఖ్యం. టచ్ మీద తప్పు జరిగితే మాట మొత్తం ఇంకో మాటైపోతుంది. ఇంగ్లిషు అక్షరాల్లో ‘ఎలా ఉన్నావ్’ అని కొట్టి చూడండి, ఆటోకరెక్ట్ దాన్ని ఏదో ఇంగ్లిషు మాటగా మార్చి పంపేస్తుంది. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, ఆఫీసులో వాడే పొట్టి కోడ్‌లు, అన్నిటికీ అదే గతి. పంపేశాక చూసుకుని మళ్లీ సర్దిచెప్పుకోవాలి. కీల మీద తప్పు జరిగితే ఒక అక్షరం రెండుసార్లు పడుతుంది, లేదా ఒకటి ఎగిరిపోతుంది. చదివేవాళ్లకి అసలు మాట ఏమిటో తెలిసిపోతూనే ఉంటుంది. అందుకని రెండో రోజే ఆటోకరెక్ట్ పూర్తిగా ఆపేశాను. నేను కొట్టిందే తెర మీద పడుతోంది. తెలుగూ ఇంగ్లిషూ కలిపి రాసేవాళ్లకి ఈ ఒక్కటీ ఎంత టెన్షన్ తగ్గిస్తుందో వాడితేనే తెలుస్తుంది.

మొదటి మూడు రోజుల గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆ మూడు రోజుల్లోనే ఫోన్ వెనక్కి ఇచ్చేస్తారు. బొటనవేళ్లు నొప్పి పుడతాయి. టచ్ మీద వేలి మెత్తటి భాగంతో తాకే అలవాటు మనది. అదే భాగంతో కీలు నొక్కితే పక్క కీ కూడా తగులుతుంది, దాంతో ఇంకా గట్టిగా నొక్కుతాం. బొటనవేలిని కాస్త వంచి, గోరు మొదలయ్యే చోటి కొనతో నొక్కాలి. బలం అక్కర్లేదు, టక్కుమనగానే వదిలేయాలి. 

పట్టుకోవడం ఇంకో సంగతి. వేళ్లు ఫోన్ అడుగున ఉంటాయి, బరువంతా పైన స్క్రీన్ దగ్గర ఉంటుంది. మామూలు ఫోన్ పట్టుకున్నట్టు పట్టుకుంటే అది వెనక్కి వాలిపోతూ ఉంటుంది. చూపుడువేళ్లు రెండూ వెనకాల పైకి జరిపి, చిటికెన వేళ్లు అడుగున ఆనించాక నాకు కుదిరింది. పడుకుని ముఖం మీద పట్టుకుని చదివే అలవాటుంటే జాగ్రత్త. ఒక్క చేత్తో రాయడం మటుకు మర్చిపోండి. నడుస్తూ ఒక చేత్తో సంచీ పట్టుకుని ఇంకో చేత్తో మెసేజ్ కొట్టడం ఈ ఫోన్ మీద జరిగే పని కాదు.

వెడల్పు లెక్క కూడా అర్థం చేసుకోవాలి. పై వరుసలో పది కీలు పట్టాలి. కీవన్ వెడల్పు సుమారు 72 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో అక్షరానికి దక్కేది 7 మిల్లీమీటర్లు. పాస్‌పోర్ట్ 90 మిల్లీమీటర్లుండేది, అందులో అక్షరానికి 9 దాకా వచ్చేది. కంప్యూటర్ కీబోర్డులో ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకి 19. ఫోన్ వెడల్పయ్యే కొద్దీ కీలు సుఖంగా ఉంటాయి, కానీ జేబులో ఇబ్బంది, మధ్య అక్షరాలకి బొటనవేలు సాచాలి. చిన్న చేతులున్నవాళ్లు వెడల్పాటి మోడల్ తీసుకోకపోవడమే మంచిది. నా చేతులు పెద్దవి, అయినా టీ, వై కీల దగ్గర ఏ వేలు వాడాలో తేలడానికి వారం పట్టింది.

ఇక స్క్రీన్. మీకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే కావచ్చు. వీడియోలు 16:9 కొలతలో ఉంటాయి. నలుచదరపు స్క్రీన్‌లో అవి సగం కంటే కొంచెం ఎక్కువ ఎత్తులోనే వస్తాయి, పైనా కిందా నల్లగా ఖాళీ. ఫోన్ అడ్డం తిప్పినా లాభం లేదు, చదరం ఎటు తిప్పినా చదరమే. నిలువు వీడియోలకి అటూ ఇటూ ఖాళీ. యాప్‌లన్నీ పొడుగాటి స్క్రీన్‌ని మనసులో పెట్టుకుని చేసినవి కాబట్టి కొన్నిటిలో అడుగునుండే బటన్ కనబడదు. జరుపుకుంటూ వెతుక్కోవాలి. సాయంత్రాలు ఫోన్‌లో వీడియోలు చూసే అలవాటుంటే ఇది రోజూ చికాకే. చదవడానికి మాత్రం హాయిగా ఉంది. పీడీఎఫ్‌లు, ఎక్సెల్ షీట్లు, పొడవైన మెయిల్స్ వెడల్పుగా పరుచుకుని కనబడతాయి. ఇంకోటి, టచ్ ఫోన్‌లో రాయడం మొదలుపెట్టగానే కీబోర్డు పైకి లేచి స్క్రీన్‌లో పెద్ద భాగం తినేస్తుంది. ఇక్కడ స్క్రీన్ మొత్తం మీకే దక్కుతుంది. అవతలివాళ్లు రాసిన పొడవాటి మెయిల్ పైన చదువుకుంటూ కింద పాయింట్ వారీగా జవాబు రాస్తుంటే ఆ తేడా బాగా తెలుస్తుంది.

షార్ట్‌కట్‌ల దగ్గర కాసేపు ఆగుతాను, నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. కీవన్‌లో 26 అక్షరాలకీ మామూలుగా నొక్కితే ఒక పని, నొక్కి పట్టుకుంటే ఇంకో పని చొప్పున మొత్తం 52 పెట్టుకునే వీలుండేది. ఇప్పుడొస్తున్న ఫోన్లలోనూ అక్షరాలకి యాప్‌లు కట్టుకునే ఏర్పాటు ఉంటోంది. నాకు ఎం నొక్కి పట్టుకుంటే మెయిల్, సి అయితే క్యాలెండర్, ఎన్ అయితే కొత్త నోటు. ఫోన్ తెరిచాక ఐకాన్ వెతికే పనే లేదు. ఆండ్రాయిడ్‌లో నిజం కీబోర్డుకి కంట్రోల్‌తో కాపీ, పేస్ట్, అన్నీ సెలెక్ట్ చేయడం, చేసింది రద్దు చేయడం పనిచేస్తాయి. మీ ఫోన్‌లో కంట్రోల్ కీ విడిగా లేకపోతే సెట్టింగ్స్‌లో వేరే కీకి ఆ పని అప్పగించే వీలుందేమో చూసుకోండి. కొన్ని మోడళ్లలో కీల పైభాగమే టచ్‌ప్యాడ్‌లా పనిచేస్తుంది, నొక్కకుండా వేలిని ఊరికే జారిస్తే పేజీ కదులుతుంది. పాస్‌పోర్ట్‌లో 2014లోనే ఇది ఉంది. రాసిన వాక్యం మధ్యలో ఒక్క అక్షరం దిద్దాలంటే కర్సర్‌ని వేలితో గాజు మీద గురిపెట్టే బాధ తప్పుతుంది. కీల మీద వేలిని మిల్లీమీటరు జరిపితే కర్సర్ ఒక్క అక్షరం జరుగుతుంది. నేనైతే ఈ సౌకర్యం లేని మోడల్ తీసుకోను.

తెలుగు గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. ఇక్కడ నా జవాబు మీకు అంతగా నచ్చకపోవచ్చు. 2007 జనవరిలో ఐఫోన్‌ని పరిచయం చేస్తూ స్టీవ్ జాబ్స్ కీబోర్డు ఫోన్ల మీద చేసిన ప్రధాన విమర్శ ఒకటుంది. ప్లాస్టిక్ కీలు అవసరమున్నా లేకపోయినా అక్కడే ఉంటాయి, యాప్‌ని బట్టి మారవు అని. ఇంగ్లిషులో రాసేవాళ్లకి అది పెద్ద లోటుగా నాకెప్పుడూ అనిపించలేదు. తెలుగు రాయబోతే మాత్రం ఆ మాట నిజమే అనిపిస్తుంది. కీల మీద ముద్రించినవి ఇంగ్లిషు అక్షరాలు. భాష మార్చితే అవి మారవు.

ఇన్‌స్క్రిప్ట్ (కంప్యూటర్‌లో భారతీయ భాషలు రాయడానికి చేసిన కీల అమరిక) వచ్చినవాళ్లు సులభంగా కొట్టేయొచ్చు అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతాలు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి, చాలా చక్కటి ఏర్పాటు. కానీ అది కంప్యూటర్ కీబోర్డు కోసం చేసింది. అందులో ‘డ’ ఉండేది పి పక్కనున్న బ్రాకెట్ కీ మీద. ‘చ’ ఎల్ పక్కన సెమీకోలన్ మీద, ‘ట’ దాని పక్కన అపాస్ట్రఫీ మీద. ఫోన్ కీబోర్డులో పై వరుస పి దగ్గరే అయిపోతుంది. రెండో వరుసలో ఎల్ తర్వాత నా ఫోన్‌లో చెరిపే కీ ఉంది. ‘చెట్టు’ అని రాయబోతే ఆ మాటలో ఉన్న హల్లులు రెండూ కీబోర్డు మీద లేవు! వాటికోసం ఆల్ట్ కలిపి నొక్కేలా విడిగా అమర్చుకోవాలి, లేదా గుర్తుల పేజీలోకి వెళ్లాలి. ఒకటి రెండు మాటలకి పరవాలేదు, పేజీ రాయలేం.

మిగిలింది ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి. 26 కీలు సరిపోతాయి కాబట్టి ఈ ఫోన్లకి నప్పేది అదే. అయితే ఒక మెలిక ఉంది. స్క్రీన్ మీది కీబోర్డులో ఆ పద్ధతి పనిచేసినంత మాత్రాన కీల మీద కూడా పనిచేస్తుందని అనుకోకండి. కీ నొక్కితే అక్షరం నేరుగా యాప్‌లోకి వెళ్లాలా, మధ్యలో తెలుగులోకి మారి వెళ్లాలా అన్నది మీరు పెట్టుకున్న కీబోర్డు యాప్ మీద ఆధారపడి ఉంటుంది. నేను మూడు కీబోర్డు యాప్‌లు పెట్టి చూస్తే ఒక్కదాంట్లోనే అక్షరాలు వెంటనే తెలుగులోకి మారాయి. అందులోనూ మాటలు చూపించే వరుస ఒక్కోసారి కనబడకుండా పోతోంది. ప్రస్తుతానికి చిన్న తెలుగు మెసేజ్‌లు కీల మీదే రాస్తున్నాను. పొడవైనవి రాయాలంటే సెట్టింగ్స్‌లో స్క్రీన్ కీబోర్డు కూడా చూపించు అన్న ఆప్షన్ ఆన్ చేసి టచ్ మీద రాస్తున్నాను, లేదా మాటతో చెబుతున్నాను. మీ రాతలో సగం కంటే ఎక్కువ తెలుగు లిపిలోనే అయితే ఈ ఫోన్ మీకు వద్దనే చెబుతాను. ఇంగ్లిషులో గానీ, ఇంగ్లిషు అక్షరాల తెలుగులో గానీ ఎక్కువ రాస్తే సంతోషంగా తీసుకోండి.

ఉన్న ఒక్క ఫోన్‌గా వాడుకోవచ్చా అంటే, వాడుకోవచ్చు. చిన్న చిన్న అడ్డంకులు ఉంటాయి. కొన్ని బ్యాంకు యాప్‌లు పిన్ కోసం సొంత అంకెల పట్టీ స్క్రీన్ మీద చూపిస్తాయి, అక్కడ మీ కీలు ఎంత నొక్కినా పని జరగదు. అంకెలు అక్షరాల కీల మీదే ఆల్ట్‌తో ఉంటాయి కాబట్టి ఫోన్ నంబర్ కొట్టడం మొదట్లో తికమకగా ఉంటుంది. అండర్‌స్కోర్, బ్రాకెట్లు లాంటివి గుర్తుల పేజీలో దాక్కుని ఉంటాయి, పాస్‌వర్డ్‌లో అవి ఎక్కువగా వాడేవాళ్లు పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోవాల్సిందే. కెమెరా గురించి పెద్దగా చెప్పను. కాగితాల ఫొటోలకీ వీడియో కాల్స్‌కీ సరిపోతుంది, దానికోసం కొనే ఫోన్ కాదిది.

ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన సంగతి. ఈ సమాధానం చదివి, కొత్తది ఎందుకు, సెకండ్ హ్యాండ్‌లో పాత కీ2 దొరుకుతుంది కదా అని మీకు అనిపించవచ్చు. ఆ కీబోర్డు నిజంగా అద్భుతం. నేను వాడినవాటిలో చేతికి అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. కానీ కొనకండి. ఆ ఫోన్ 2018లో వచ్చింది, ఆండ్రాయిడ్ 8.1 దగ్గరే ఆగిపోయింది. వాటిని తయారుచేసిన టీసీఎల్‌కి బ్లాక్‌బెర్రీ పేరు వాడుకునే హక్కు 2020 ఆగస్టు 31తో ముగిసింది. ఇంకా పాతవి, బ్లాక్‌బెర్రీ సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచే పాస్‌పోర్ట్ లాంటివైతే 2022 జనవరి 4న సర్వీసులు ఆపేశారు. ఆ తర్వాత వాటిలో కాల్స్, మెసేజ్‌లు కూడా సరిగ్గా పనిచేస్తాయన్న హామీ లేదు. నా డ్రాయర్‌లో ఉన్న కీ2ని మొన్న తీసి చూశాను. ప్రతి కీ ఇంకా మొదటి రోజులాగే టక్కుమంటోంది. కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు యాప్, ఆఫీసు మెయిల్ పెట్టడం ఎవరికీ మంచిది కాదు.

కొత్త ఫోన్ కొనేముందూ ఇదే అడగాలి. ఈ ఫోన్లు చేసేవి ఎక్కువగా చిన్న కంపెనీలు. ఆండ్రాయిడ్ వెర్షన్ ఏది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామని రాతపూర్వకంగా చెప్పారు, మీరు వాడే నెట్‌వర్క్ బ్యాండ్లు, 4జీ కాలింగ్ పనిచేస్తాయా, ఈ మూడూ తేలాకే డబ్బు కట్టండి. విడిభాగాలు దొరకడం కూడా కష్టమే. స్క్రీన్ పగిలితే ఏ మూల షాపులోనైనా మారుస్తారన్న ధైర్యం పెట్టుకోకండి. కవర్ కొనేటప్పుడు అడుగు అంచు పల్చగా ఉండేది చూడండి. నేను మొదట కొన్న కవర్ అంచు ఎత్తుగా ఉండి స్పేస్ బార్ నొక్కినప్పుడల్లా బొటనవేలికి ఒరుసుకునేది, రెండో రోజే తీసేశాను.

ఫోన్ చేతికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది. ఒక నోటు తెరిచి ప్రతి కీనీ ఇరవై సార్లు వరసగా నొక్కండి. అన్నిటిదీ ఒకే టక్కు వస్తోందా, ఏదైనా మెత్తగా దిగిపోతోందా, ఒక నొక్కుకి రెండు అక్షరాలు పడుతున్నాయా చూడండి. స్పేస్ బార్‌ని మధ్యలోనే కాకుండా రెండు చివర్లా నొక్కి చూడండి. లోపం ఎక్కువగా బయటపడేది అక్కడే. తర్వాత లైటు ఆపేసి కీల వెనక వెలుతురు అన్ని అక్షరాలకీ సమంగా వస్తోందో లేదో చూడండి. వెనక్కి ఇచ్చే గడువు ఉంటే ఇవన్నీ మొదటి రోజే చూసుకోండి. ఫోన్ ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం గడువు చివరి రోజు దాకా ఆపండి. మూడో రోజుకీ ఎనిమిదో రోజుకీ నా అభిప్రాయం చాలా మారింది.

మీరు ఎక్కువగా రాసే యాప్‌లు ఏవో, తెలుగు లిపిలో ఎంత రాస్తారో చెప్పండి. ఆ యాప్‌లు నా ఫోన్‌లో పెట్టి, ఈ చదరపు స్క్రీన్ మీద ఎలా కనబడుతున్నాయో, కీలతో ఎంతవరకు పనిచేస్తున్నాయో చూసి రాస్తాను.